పురుగు ఫొటో మసకగా ఉంటే మందు తప్పుతుంది: సెల్లుతో దగ్గరి ఫొటో స్పష్టంగా తీసే పద్ధతి

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రైతులు పురుగును అగ్గిపెట్టెలో పెట్టుకొని ఆఫీసుకు వచ్చేవారు. పెట్టె తెరిచి, పుల్లతో పురుగును అటూ ఇటూ తిప్పి, భూతద్దంలో చూసి పేరు చెప్పేవాళ్లం. ఇప్పుడు అగ్గిపెట్టె బదులు వాట్సాప్‌లో ఫొటో వస్తోంది. మంచిదే, బస్సు చార్జీ మిగిలింది, ఒక పూట పని మిగిలింది. కానీ ఫొటోలోని పురుగును పుల్లతో తిప్పలేం. అందులో కనపడినంతే మాకు తెలుస్తుంది. వచ్చే ఫొటోల్లో చాలావాటిలో ఆకు వెనకున్న మట్టిగడ్డ అద్దంలా కనపడుతుంది, ఆకు మీది పురుగు మాత్రం పొగలా ఉంటుంది.

మసక ఫొటోతో ఏం జరుగుతుందో నా అనుభవమే చెబుతాను. ఆరేడేళ్ల కిందట గంగవరం మండలంలో ఎకరన్నర మల్బరీ ఉన్న రైతు ఒకరు ఫొటో పంపారు. చిగురు ఆకుల మీద తెల్లగా దూదిలా ఏవో ఉన్నాయి. "సార్, టుక్రా మళ్లీ వచ్చినట్టుంది, ఏం కొట్టమంటారు?" అని అడిగారు. షెడ్డులో పురుగులు మూడో జ్వరం దాటాయి. నేను ఆ మసక ఫొటో చూసి పిండినల్లి అని చెప్పి మందు పేరు రాసి పంపాను. ఆయన సగం తోటకు కొట్టారు. మూడు రోజుల తర్వాత అటు వెళ్లినప్పుడు తోటలోకి దిగి చూశాను. ఆకుల అడుగున చచ్చి పడి ఉన్నవి పిండినల్లి కాదు, దాన్ని తినే క్రిప్టోలీమస్ అక్షింతల పురుగు పిల్లలు. అంతకు కొన్ని వారాల ముందు ఆయన కొడుకే తెచ్చి వదిలాడట. మందు కొట్టిన ఆకు పట్టు పురుగులకు వేయకూడదు కాబట్టి ఆ పంటకు ఆకు బయట కొనాల్సి వచ్చింది. తప్పు రైతుది కాదు, సరిగ్గా కనపడని ఫొటోకు జవాబు ఇచ్చిన నాది. అప్పటి నుంచి మసకగా ఉన్న ఫొటోకు మందు పేరు చెప్పడం మానేశాను. మళ్లీ తీసి పంపమంటాను. ఎలా తీయాలో ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి, చివరికి ఇక్కడ రాస్తున్నాను.

ఆ పొరపాటు ఎవరికైనా జరగవచ్చు. క్రిప్టోలీమస్ పిల్లపురుగు ఒంటి నిండా తెల్లటి మైనపు పోగులు ఉంటాయి, అచ్చం పిండినల్లిలాగే కనపడుతుంది. తేడా ఏమిటంటే, పిండినల్లి 3, 4 మిల్లీమీటర్లు ఉండి దాదాపు కదలకుండా ఉంటుంది. ఈ పిల్లపురుగు పెరిగాక 12, 13 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది, పోగులు పొడుగ్గా వేలాడుతుంటాయి, చురుగ్గా నడుస్తుంది. స్పష్టమైన ఫొటో, పక్కన కొలత ఉంటే అర నిమిషంలో తేల్చవచ్చు. ఇది 1898లోనే ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చిన మిత్రపురుగు. డబ్బు పెట్టి కొని వదులుకున్న దాన్ని మనమే చంపుకోవడం ఎంత నష్టమో చెప్పనక్కర లేదు.

మసక ఎందుకు వస్తుంది

ముందు ఒక పని చేయండి. మీ సెల్లులో పాత పురుగు ఫొటో ఒకటి తెరిచి, రెండు వేళ్లతో పెద్దది చేసి చూడండి. పురుగు మసకగా ఉండి, వెనక ఆకో మట్టో స్పష్టంగా ఉందా? అయితే సెల్లు పురుగును వదిలేసి వెనకదాన్ని పట్టుకుంది. లేక ఫొటోలో ఉన్నదంతా ఒకే వైపుకు లాగినట్టు గీతలు గీతలుగా ఉందా? అయితే చెయ్యి కదిలింది, లేదా గాలికి ఆకు ఊగింది. వెనకా ముందూ అంతా పల్చటి పాలు పోసినట్టు ఉంటే అద్దం మురికిగా ఉంది. ఈ మూడింటికీ మందులు వేరు. పైరుకు లాగే ఇక్కడా రోగం తెలియకుండా మందు వేస్తే పని జరగదు.

మురికి సంగతి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అది చాలా తేలిక. చొక్కా జేబులో, పంచె మడతలో తిరిగే సెల్లుకు చెమట, దుమ్ము, ఒక్కోసారి మందు తుంపర కూడా అంటుతుంది. మెత్తటి పొడి నూలు గుడ్డతో వెనక అద్దాలన్నీ తుడవండి. దుమ్ముంటే ముందు ఊది తర్వాత తుడవండి, లేకపోతే ఇసుక రేణువు అద్దాన్ని గీరుతుంది.

ఇక అసలు సంగతి దూరం. ప్రతి సెల్లు కెమెరాకూ ఒక హద్దు ఉంటుంది. దానికంటే దగ్గరికి వెళితే ఎంత ప్రయత్నించినా స్పష్టత రాదు. చాలా సెల్లుల్లో ప్రధాన కెమెరాకు ఆ హద్దు సుమారు 10 సెంటీమీటర్లు, అంటే దాదాపు బెత్తెడు. కొన్ని ఖరీదైన సెల్లుల్లో అది ఇంకా ఎక్కువ దూరమే. పురుగు చిన్నది కదా అని మనం సెల్లును రెండు వేళ్ల దూరానికి తీసుకెళతాం, సెల్లు చేతులెత్తేస్తుంది. మీ సెల్లు హద్దు తెలుసుకోవాలంటే ఒక వార్తాపత్రిక మీద సెల్లు పెట్టి, మెల్లగా పైకి లేపుతూ రండి. అక్షరాలు ఏ ఎత్తులో పదునుగా కనపడ్డాయో అదే మీ హద్దు. ఒక్కసారి చూసి గుర్తుంచుకుంటే చాలు. పురుగు ఫొటో అంతకంటే కాస్త దూరం నుంచే తీయండి. తెర మీద పురుగు చిన్నదిగా కనపడినా పర్వాలేదు, తీసిన తర్వాత ఫొటోను పెద్దది చేసి, చుట్టూ ఉన్నది కత్తిరించుకోవచ్చు. దగ్గర నుంచి తీసిన మసక ఫొటోను మాత్రం ఎవరూ బాగు చేయలేరు.

కొన్ని సెల్లుల్లో పువ్వు గుర్తుతో మాక్రో అని ఉంటుంది. అది నొక్కితే వేరే కెమెరా పనిచేసి 3, 4 సెంటీమీటర్ల దూరం నుంచి కూడా తీస్తుంది. ఇదంతా మంచిదేనని అనుకోకండి. తక్కువ ధర సెల్లుల్లో ఆ మాక్రో కెమెరా నాసిరకంగా ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఒకే పురుగును రెండు విధాలా తీసి, పెద్దది చేసి పోల్చి చూడండి. ఏది బాగుంటే అదే వాడండి. పోర్ట్రెయిట్ అనే పద్ధతి మాత్రం వద్దు. అది మనిషి మొహానికి పెట్టింది, పురుగు కాళ్లను, మీసాలను కూడా వెనకభాగం అనుకొని చెరిపేస్తుంది.

స్పష్టత ఉండేది పల్చటి పొరలోనే

ఎంత దగ్గరికి వెళితే స్పష్టంగా కనపడే మందం అంత తగ్గిపోతుంది. నాలుగడుగుల దూరం నుంచి టమాటా మొక్క తీస్తే ముందు కొమ్మ, వెనక కొమ్మ రెండూ బాగుంటాయి. బెత్తెడు దూరం నుంచి తీస్తే కొన్ని మిల్లీమీటర్ల మందం మాత్రమే పదునుగా వస్తుంది. భూతద్దం పెట్టి తీస్తే అది మిల్లీమీటరు లోపే. దానికి ముందున్నదీ వెనకున్నదీ మసకే.

అందుకే సెల్లు పురుగుకు సమాంతరంగా ఉండాలి. పురుగు ఆకు మీద పడుకొని ఉంటే, ఆకు ఏ వాలులో ఉందో సెల్లునూ అదే వాలులో పట్టుకోండి, గోడకు పలక ఆనించినట్టు. ఏటవాలుగా తీస్తే తల బాగా వచ్చి తోక పోతుంది. మొక్కజొన్నలో కత్తెర పురుగు చూడండి. అది మన దేశంలో మొదట 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గలో కనపడింది, అక్కడి నుంచి మన వైపుకు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. దాన్ని గుర్తు పట్టేది రెండు చోట్ల: తల మీద తలకిందులుగా ఉన్న 'వై' అక్షరం లాంటి తెల్లటి గీత, తోకకు కాస్త ముందు చతురస్రంగా నాలుగు నల్ల చుక్కలు. తల, తోక రెండూ కనపడకపోతే అది కత్తెర పురుగా, పొగాకు లద్దె పురుగా, పచ్చపురుగా అన్నది నేను గట్టిగా చెప్పలేను. పురుగుకు నిలువునా పైనుంచి ఒకటి, తల దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి తీసి పంపండి. ఒక్క ఫొటోలో అన్నీ పట్టాలని తంటాలు పడకండి.

సెల్లు పురుగునే పట్టుకునేలా చేయడం

తెర మీద పురుగు ఉన్న చోట వేలితో తాకండి. చిన్న గడి కనపడుతుంది. వేలు తీయకుండా రెండు మూడు సెకన్లు అలాగే నొక్కి ఉంచితే చాలా సెల్లుల్లో ఆ దూరం తాళం పడిపోతుంది. తర్వాత మళ్లీ మళ్లీ తాకవద్దు. సెల్లునే గోరంత ముందుకు, గోరంత వెనక్కు జరుపుతూ, పురుగు పదునుగా కనపడిన క్షణంలో నొక్కండి. ఇలా జరుపుతూ పది పదిహేను ఫొటోలు తీస్తే రెండైనా బాగుంటాయి. ఫిల్ము రీలు కాలం కాదు, ఎన్ని తీసినా ఖర్చు లేదు.

పురుగు మరీ చిన్నదైతే సెల్లు దాన్ని పట్టించుకోక వెనకకు పోతుంది. అప్పుడు మీ చూపుడు వేలు గోరును పురుగు పక్కనే, అంతే ఎత్తులో పెట్టి, తెర మీద గోరును తాకి తాళం వేసి, వేలు తీసేసి ఫొటో తీయండి.

తామర పురుగుల విషయంలో ఇంకో చిక్కు ఉంది. పూలను తెల్ల కాగితం మీద దులిపి చూడమని మేమే చెబుతాం. చూడటానికి అది సరైన పద్ధతే. కానీ సెల్లు దేన్నైనా గీతలు, అంచులు చూసి పట్టుకుంటుంది. ఖాళీ తెల్ల కాగితం మీద దానికి ఆధారం దొరకదు, ముందుకూ వెనక్కూ వెతుకుతూనే ఉంటుంది. పురుగులు రాలిన చోటికి పక్కగా పెన్నుతో ఒక సన్న గీత గీయండి. గీతను తాకి తాళం వేయండి. కాగితం, పురుగు ఒకే ఎత్తులో ఉన్నాయి కాబట్టి పురుగూ స్పష్టంగా వస్తుంది. పిల్లల లెక్కల గ్రాఫు కాగితం ఉంటే మరీ మేలు. గళ్లు పట్టుకోవడానికీ పనికొస్తాయి, పురుగు ఎన్ని మిల్లీమీటర్లో కూడా అందులోనే తెలిసిపోతుంది. తెల్లటి నేల మీద పురుగు నల్లటి మచ్చలా వస్తే, గడి పక్కన కనపడే సూర్యుడి గుర్తును కాస్త పైకి జరపండి, రంగు బయటపడుతుంది.

రంగు ఎందుకు కావాలంటే, మిరపలో ఆకు మీద ఉండి ఆకును పైకి ముడిచే పాత తామర పురుగు లేత పసుపు. 2021లో తెలుగు రాష్ట్రాల మిరప రైతులను ముంచిన కొత్త తామర పురుగు ముదురు రంగులో ఉండి పూలలో గుంపులుగా చేరుతుంది. రెండూ మిల్లీమీటరు అటూ ఇటూ ఉండేవే.

కదలిక, వెలుతురు

మన పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు తెల్లవారుజాము చలిగా ఉంటుంది. పురుగు ఒంటికి సొంత వేడి ఉండదు, కాబట్టి చలికి మందకొడిగా ఉంటుంది. పొద్దున ఆరు నుంచి ఎనిమిది లోపు తీస్తే పురుగూ కదలదు, గాలీ ఉండదు. తెల్లదోమ కూడా అప్పుడు తొందరగా లేచిపోదు. ఆకు తొడిమ పట్టుకొని మెల్లగా తిప్పితే అడుగున కూర్చునే ఉంటుంది. పదింటికి వెళ్లి తీయాలంటే అదే దోమ మీ మొహం మీదికి లేస్తుంది. ఏనుగులు తిరిగే అడవి అంచు చేన్లలో మాత్రం బాగా వెలుతురు వచ్చాకే వెళ్లండి, ఫొటో ఎక్కడికీ పోదు.

ఆషాఢంలో రోజంతా గాలే. అప్పుడు మొక్క మీద తీయాలని పట్టుబట్టకండి. ఆకును తొడిమతో సహా తుంచి, షెడ్డు గుమ్మంలోనో వరండాలోనో పీట మీద పెట్టి తీయండి. తోటలోనే తీయాలంటే కింద కూర్చొని మోచేతులు మోకాళ్లకు ఆనించండి. ఎడమ చేత్తో ఆకు పట్టుకొని, అదే చేతి బొటనవేలి మీద సెల్లు అంచు ఆనించండి. ఆకు కదిలితే సెల్లూ దాంతోనే కదులుతుంది, మధ్య దూరం మారదు. ఇది నేను నేర్చుకున్న వాటిలో అన్నిటికంటే పనికొచ్చిన చిట్కా. తెర మీది బొత్తాం నొక్కినప్పుడు సెల్లు ఊగుతుంటే, పక్కనున్న శబ్దం పెంచే బొత్తాంతో తీయండి.

వెలుతురు తక్కువైతే సెల్లు ఫొటో తీయడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, ఆ లోపల చెయ్యి కదులుతుంది. అలాగని మిట్ట మధ్యాహ్నపు ఎండ కూడా వద్దు, పురుగు వీపు మీద తెల్లటి మెరుపు కొట్టి మచ్చలు కనపడవు. మీ నీడలోకి తెచ్చి తీయండి, లేదా గొడుగు పట్టండి. చీకటిగా ఉంటే ఎండ పడే వైపు తెల్ల టవలు పట్టుకుంటే దాని వెలుగు ఆకు అడుగుకు పడుతుంది. ఫ్లాష్ వేయక తప్పదంటే దాని మీద పల్చటి తెల్ల కాగితం ముక్క అడ్డం పెట్టండి.

మెరుపు మాట వచ్చింది కాబట్టి వంకాయ తోట సంగతి చెబుతాను. మన వాళ్లు రెండు రకాలనూ అక్షింతల పురుగు అనే పిలుస్తారు. ఒకటి పేనుబంకను తినే మిత్రపురుగు, రెండోది వంకాకును గీకి జల్లెడ చేసే శత్రువు. మిత్రపురుగు వీపు నున్నగా నిగనిగలాడుతుంది. వంకాయ మీది శత్రువు వీపు మీద సన్నటి నూగు ఉండి రాగి రంగులో మాసినట్టు కనపడుతుంది, 12 నుంచి 28 చుక్కలు ఉంటాయి. దాని పిల్లలు పసుపు రంగులో ఒళ్లంతా కొమ్మల్లాంటి ముళ్లతో ఉంటాయి. మిత్రపురుగుల పిల్లల్లో చాలా రకాలు బూడిద నలుపులో చిన్న మొసలిలా ఉంటాయి. ఫ్లాష్ వేసి తీస్తే నూగు ఉన్నదీ లేనిదీ రెండూ మెరుస్తాయి, అసలు గుర్తే పోతుంది.

భూతద్దం

ఎర్రనల్లి లాంటివి అర మిల్లీమీటరే ఉంటాయి. వాటికి సెల్లు ఒక్కటీ చాలదు. విత్తన పరీక్షకు, నగల దుకాణాల్లో వాడే 10 రెట్ల చిన్న భూతద్దం తెచ్చుకోండి. దాన్ని సెల్లు కెమెరా అద్దానికి ఆనించి పట్టుకొని, ఆకుకు రెండున్నర సెంటీమీటర్ల దూరంలోకి వెళ్లండి. పైన చెప్పినట్టు సెల్లును వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరపాలి. సెల్లుకు క్లిప్పుతో తగిలించే అద్దాలు కూడా దొరుకుతాయి, కానీ భూతద్దం అయితే కళ్లతో చూడటానికీ పనికొస్తుంది, కాబట్టి నా ఓటు దానికే. అద్దం మీద నీటిబొట్టు వేసి తీసే కిటుకు ఒకటి వీడియోల్లో తిరుగుతోంది. సెల్లు పాడవుతుంది, చేయకండి.

టమాటాకు భూతద్దం కూడా అక్కర్లేని పద్ధతి ఉంది. ఆకులో తెల్లటి చారలు కనపడగానే చాలామంది టూటా వచ్చిందని భయపడతారు. 2014లో మహారాష్ట్రలో బయటపడి దేశమంతా పాకిన పురుగు అది, మదనపల్లె మార్కెట్టుకు కాయ తోలే వాళ్లకు భయం ఉండటం సహజమే. కానీ పాము పొడ అని మనం పిలిచే ఆకు తొలుచు ఈగ పిల్ల కూడా చారలు చేస్తుంది. చారలున్న ఆకును ఆకాశం వైపు ఎత్తి పట్టుకొని, వెలుగు ఆకు గుండా వచ్చేలా తీయండి. పాము పొడ అయితే సన్నటి వంకర గీత, లోపల కాళ్లూ తలా లేని పసుపు పురుగు. టూటా అయితే వెడల్పాటి పొక్కు లాంటి మచ్చ, అందులో నల్లటి మలం, తల కాళ్లు తెలిసే పురుగు. టూటా అని అనుమానం ఉంటే కాయ తొడిమ దగ్గర సూది రంధ్రాలు కూడా చూసి ఒక ఫొటో తీయండి. పక్కన మల్బరీ ఉన్న టమాటా రైతులు ఈ ఒక్క ఫొటో తీయకుండా మందు జోలికి వెళ్లవద్దని నా మనవి. గాలికి తుంపర అటు పోతే షెడ్డులో పంట మొత్తం పోతుంది, అది మీదైనా పక్కవారిదైనా.

పంపేటప్పుడు

పంపే ముందు ఫొటోను పెద్దది చేసి చూడండి. కాళ్లు, మీసాలు లెక్కపెట్టగలిగేలా ఉంటే బాగా వచ్చినట్టు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి మీరు పడ్డ శ్రమంతా పోతుంది. పైన హెచ్‌డి అని కనపడేది నొక్కండి, లేదా డాక్యుమెంటుగా జతచేయండి. పురుగు ఫొటోలతో పాటు పక్కన స్కేలు పెట్టి ఒకటి, దెబ్బతిన్న ఆకు ఒకటి, మొక్క మొత్తం ఒకటి ఉండాలి. పంట పేరు, నాటి ఎన్ని రోజులు, చివరిసారి ఏ మందు ఎప్పుడు కొట్టారు, పక్క చేన్లో ఏముంది, ఈ నాలుగూ ఒక గొంతు సందేశంగా చెప్పినా చాలు.

సెల్లు యాప్‌లు కూడా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2024 ఆగస్టు 15న జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థను ప్రారంభించింది, అందులో ఫొటో పెడితే కృత్రిమ మేధ పురుగును గుర్తించి సలహా ఇస్తుంది. వాడండి, కానీ యాప్‌కు మీరు ఇచ్చిన ఫొటోనే ఆధారం. మసక ఫొటో ఇచ్చినా అది ఏదో ఒక పేరు చెప్పవచ్చు. దాని జవాబునూ ఫొటోనూ కలిపి మీ రైతు సేవా కేంద్రంలో చూపించాకే మందు కొనండి.

ఫొటో ఎంత బాగున్నా కొన్నిటిని తేల్చలేం. తామర పురుగుల్లో ఏ జాతో కచ్చితంగా చెప్పాలంటే సూక్ష్మదర్శిని కింద చూడాల్సిందే. అలాంటప్పుడు పది ఇరవై పురుగులను స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వేసి, పెన్సిలుతో పంట, ఊరు, తేదీ రాసిన చీటీ అందులోనే పడేసి కలికిరి కృషి విజ్ఞాన కేంద్రానికి చేర్చండి. పెన్ను సిరా స్పిరిట్లో కరిగిపోతుంది. చేతిలో స్పిరిట్ లేకపోతే పురుగున్న రెమ్మను కాగితంలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టి అదే రోజు తీసుకురండి. అగ్గిపెట్టెలో తెచ్చినా వద్దనను.